డంబెల్స్ వైపు వెళ్లాలంటే టెన్షన్‌గా ఉందా? ఇలా మొదలుపెట్టండి

ఒంగోలులో సాయంత్రం 7 గంటలప్పుడు జిమ్‌లోకి అడుగుపెడితే కొత్తవాళ్లెవరో, పాతవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. కొత్తవాళ్లు ట్రెడ్‌మిల్ మీద ఉంటారు, పాతవాళ్లు అద్దం ముందు డంబెల్స్ దగ్గర ఉంటారు. నేను మూడు నెలల ఫీజు కట్టి, ఆ మూడు నెలలూ ట్రెడ్‌మిల్ దిగలేదు. బరువులెత్తాలని మనసులో ఉన్నా నలుగురూ చూస్తారని ఒక భయం, నడుం పట్టేస్తుందని ఇంకో భయం. ఈ రెండూ వేరువేరు. మొదటిది కొన్ని వారాలు వెళ్లి వస్తుంటే అదే తగ్గుతుంది. రెండోది మాత్రం పద్ధతి నేర్చుకుంటేనే పోతుంది.

బీపీ, గుండె జబ్బు, హెర్నియా, పాత వెన్నునొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

1. మీరు ఇప్పటికే ఎంత మోస్తున్నారో చూసుకోండి

మన ఇళ్లలో మంచినీళ్లకి 20 లీటర్ల టిన్ను తెచ్చుకుంటాం కదా, అందులో నీళ్లే 20 కిలోలు. జిమ్‌లో చూడగానే భయపెట్టే ఆ ఏడడుగుల ఒలింపిక్ రాడ్ బరువూ 20 కిలోలే. ఆడవాళ్ల కోసం చేసిన రాడ్ 15 కిలోలు. చిన్న జిమ్ముల్లో ఉండే సన్న రాడ్లు ఇంకా తేలిక, వాటి బరువెంతో ట్రైనర్‌ని అడిగి రాసుకోండి. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు ఉంటుంది. దాన్ని వంటింట్లోకి జరిపిన చేతులకి 5 కిలోల డంబెల్ కొత్తేమీ కాదు.

2. ఇంట్లో కర్రతో వంగడం నేర్చుకోండి

ఎవరూ చూడని చోట చేయాల్సిన పని ఇది. దీనికి వారం రోజులు ఇవ్వండి. ఒక పొడుగాటి కర్రని వీపు వెనక నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, రెండు భుజాల మధ్య, నడుం కింది ఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనకున్న తలుపుని పిరుదులతో నెడుతున్నట్టు వంగండి. కర్ర ఈ మూడింటిలో ఎక్కడ వదిలినా వీపు వంకర పోయిందని అర్థం. రోజూ పదిసార్లు చాలు. కింద నుంచి బరువు తీసేటప్పుడు నడుం ఒక్కదాని మీదే భారం పడకుండా తుంటి, తొడల బలంతో లేవడం దీనితోనే వస్తుంది. నీళ్ల టిన్ను ఎత్తడానికీ ఇదే పద్ధతి.

దీనితోపాటు కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి. పెద్దవాళ్లు బస్కీలు అన్నదానికి ఇది తొలి మెట్టు.

3. రద్దీ లేని వేళ చూసుకోండి

ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 9 వదిలేయండి. మొదటి నెల ఉదయం 9 తర్వాత వెళ్లగలిగితే మంచిది. ఎండాకాలంలో ఏసీ లేని జిమ్ అయితే మాత్రం తెల్లవారే వెళ్లండి, నీళ్ల సీసా మరవద్దు.

4. మూడే మూడు చేయండి

ఏం చేయాలో తెలియక నిలబడిపోయినప్పుడే అందరూ మననే చూస్తున్నట్టు ఉంటుంది. అందుకే చేయబోయేది ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒక డంబెల్‌ని ఛాతీకి ఆనించి నిలువుగా పట్టుకుని బస్కీలు. ఒక చెయ్యి, ఒక మోకాలు బెంచీ మీద ఆనించి, రెండో చేత్తో డంబెల్‌ని తుంటి వైపు లాగడం. బెంచీ మీద పడుకుని రెండు డంబెల్స్ పైకి నెట్టడం. ఒక్కొక్కటి ఆగకుండా 10 సార్లు చేస్తే ఒక సెట్టు, అలా రెండు సెట్లు. మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి.

ఎంత బరువు అంటారా? మన జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ల గిత్తల బండ వేరు, సీనియర్స్ విభాగం బండ వేరు. లేత గిత్తలకి పెద్ద బండ కట్టమని ఏ రైతూ అడగడు. పక్కవాడి డంబెల్ చూసి మన బరువు తేల్చుకోవడం కూడా అలాంటి తప్పే. పదోసారి ఎత్తాక ఇంకో రెండు మూడు ఎత్తగలను అనిపిస్తే అదే మీ బరువు. రెండు సెట్లలోనూ 12 సార్లు సులువుగా వస్తే అప్పుడు పై డంబెల్‌కి వెళ్లండి.

వారానికి రెండు రోజులు, మధ్యలో ఖాళీ ఇచ్చి చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పేదీ కనీసం రెండు రోజులే. మర్నాడో ఆ మర్నాడో కండరాలు పట్టేసినట్టుంటే కంగారు పడొద్దు. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం అక్కడితో ఆపేయండి.

5. ఎత్తడం కంటే ముందు దించడం నేర్చుకోండి

అసలు భయం ఉన్నది ఇక్కడే. ఎత్తలేకపోతే ఏం చేయాలో తెలిసినవాళ్లకి రాడ్ అంటే భయం ఉండదు. రాడ్‌ని భుజాల మీద పెట్టుకుని బస్కీలు (స్క్వాట్) చేసేటప్పుడు రెండు పక్కలా అడ్డ కమ్మీలు ఉండే ర్యాక్‌లోనే చేయండి. కమ్మీలు మీరు పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు రాడ్ ఉండే చోటుకి ఒక అంగుళం కింద ఉండాలి. లేవలేకపోతే ఇంకొంచెం దిగి, రాడ్‌ని వాటి మీద ఆనించి బయటికి వచ్చేయొచ్చు. ఖాళీ రాడ్‌తో రెండుసార్లు అలా దించి చూడండి, ధైర్యం అక్కడే వస్తుంది.

బెంచీ మీద రాడ్ ఎత్తేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు. "అన్నా, ఒక్క సెట్టు సపోర్ట్ ఇస్తారా? ఎనిమిది కొడతాను, నేను చెప్పేదాకా రాడ్ ముట్టుకోవద్దు" అని అడగండి. నేను అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చారు.

ఇంకొక్కటి. ఒకరోజు సెట్టు అయ్యాక ర్యాక్ మీదున్న రాడ్‌కి ఒక పక్క తగిలించిన బరువు ప్లేట్లన్నీ తీసేశాను. రెండో పక్క బరువుకి రాడ్ ఎగిరి నా భుజం పక్కనుంచి పోయింది. ఇది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను: ఇటొకటి, అటొకటి తీయండి.

6. పక్కవాళ్లతో మాట కలపండి

"ఈ బెంచీ మీద ఇంకా ఎన్ని సెట్లున్నాయి?" అని అడగడంతో మొదలుపెట్టండి. వాడిన డంబెల్ తెచ్చిన చోటే పెట్టండి, చెమట తుడవండి. రెండు వారాల్లో వాళ్లే పలకరిస్తారు. ఆడవాళ్లు లేడీస్ టైమింగ్స్ ఉన్నాయేమో ముందే కనుక్కోండి. నేర్పేటప్పుడు ఎవరైనా చెయ్యి వేయబోతే "నోటితో చెప్పండి, చేస్తాను" అనడానికి మొహమాటపడొద్దు.

10 కిలోల డంబెల్‌తో బస్కీలు 12 సార్లు వీపు వంగకుండా వచ్చిన రోజున రాడ్ దగ్గరికి వెళ్లండి. ప్లేట్లు వేయకుండా ఖాళీ రాడ్‌తో రెండు సెట్లు చేసి, కాగితం మీద తేదీ వేసి, పక్కనే 20 అని రాసుకోండి.