పంటనాల్‌లో జాగ్వార్‌ని చూడాలంటే

చిరుతని పోలిన పెద్దపిల్లి జాగ్వార్‌ని చూడాలంటే, బ్రెజిల్‌లోని పంటనాల్ అనే విశాలమైన చిత్తడి నేలకి జూలై–అక్టోబరు మధ్య వెళ్లండి. వానలకు మునిగిన నేల అప్పటికి ఆరిపోయి, జంతువులన్నీ మిగిలిన నీటి చుట్టూ చేరతాయి. డిసెంబరు–మార్చిలో దారులే బురద; జాగ్వార్ కోసమైతే దండగ.

కుయబా నగరంలో విమానం దిగి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని పొకోనె పట్టణంలో కారు ట్యాంకు నింపించుకోండి. అక్కణ్ణుంచి నది ఒడ్డునున్న పోర్టో జోఫ్రె దాకా 145 కిలోమీటర్ల మట్టిరోడ్డు, వందకు పైగా వంతెనలు. చెక్క వంతెన మీద చక్రాలు పొడవుగా పరిచిన పలకల మీదే ఉండాలి. చీకటి పడ్డాక నడపొద్దు, కాపిబారాలు (పెద్ద ఎలుక జాతి జంతువులు) రోడ్డెక్కుతాయి.

జాగ్వార్ ఎక్కువగా కనిపించేది నది గట్టున. పోర్టో జోఫ్రెలో పడవ మాట్లాడుకుని కనీసం రెండు రోజులు ఉంచుకోండి. ఒక్క రోజైతే అదృష్టం మీదే భారం. గుర్రపుడెక్క (మన చెరువుల్ని మింగేసే ఆ మొక్కకి పుట్టిల్లు దక్షిణ అమెరికాయే) మధ్య కళ్లు, ముక్కు కొస మాత్రమే పైకి పెట్టి కైమన్‌లు (మొసలి జాతివి) కనిపిస్తే ఇంజన్ ఆపించి, గట్టు మీది పొదలు వెతకండి. జాగ్వార్‌కి కైమన్‌లు ముఖ్యమైన ఆహారం.

జూలైలో దక్షిణపు చలిగాలి ఒక్కసారిగా వీస్తుంది, స్వెటర్ ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి 10 రోజుల ముందే వేయించుకోండి. సర్టిఫికెట్ లేకుండా భారత్‌కి తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.