ముసలి కుక్కో పిల్లో పోయాక

ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే ఒళ్లు బిగుసుకుంటుంది. ఆలోపే కాళ్లు ముడిచి పడుకోబెట్టి, కింద మందపాటి తువ్వాలు వేయండి. కండరాలు సడలి మూత్రం కారడం, కళ్లు పూర్తిగా మూతపడకపోవడం మామూలే. పాతిపెడితే కనీసం 3 అడుగుల లోతు, బావికీ చెరువుకీ దూరంగా. బాధ లేకుండా పోవడానికి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే దహనమే మేలు: ఆ మందు కళేబరంలో ఉండిపోతుంది, తవ్వి తిన్న జంతువు కూడా చావచ్చు.

ఇంట్లో ఇంకో పిల్లి ఉండి, 24 గంటలు దాటినా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించండి. పస్తుంటే దాని కాలేయం దెబ్బతింటుంది.

చిన్నపిల్లలతో ‘నిద్రపోయింది’ అనకండి, పడుకోవాలంటే భయపడతారు. ‘చనిపోయింది, ఇక రాదు’ అనడమే నయం.

‘ముందే తీసుకెళ్లి ఉంటేనా’ అన్న బాధ వదలకపోతే, వైద్యం చేసిన డాక్టర్‌నే సూటిగా అడగండి. గిన్నె, పరుపు తీసేయడానికి తొందరేమీ లేదు.