ఐపీ పెట్టినా అప్పులవాళ్ళు గుమ్మం వదలకపోతే

ఊళ్ళో ఎవరైనా చేతులెత్తేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటాం, ఇక బాకీలన్నీ గోవిందా అనుకుంటాం. నిజానికి ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, దివాలా తీశానని కోర్టుకు పెట్టుకునే అర్జీ. అది కోర్టు మెట్లెక్కడం మాత్రమే. 2016 దివాలా చట్టంలో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీ అప్పులకు పూచీ పడ్డవాళ్ళ వరకే అమల్లోకి వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మామూలు మనిషికి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. 500 రూపాయల అప్పుంటే చాలు, పిటిషన్ వేయొచ్చని అందులో ఇంకా రాసి ఉంది!

సమస్య: పిటిషన్‌కు నంబరు పడింది, దావాలు ఆగలేదు

పిటిషన్ వేయడం వేరు, కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించడం వేరు. ప్రకటన వచ్చాకే మీ ఆస్తి కోర్టు లేదా రిసీవర్ (ఆస్తి చూసుకోవడానికి కోర్టు నియమించే మనిషి) చేతికి వెళ్తుంది. అప్పటినుంచి కోర్టు అనుమతి లేకుండా ఎవరూ కొత్త దావా వేయలేరు. ఆ ఉత్తర్వు నకలు తీసి, దావా నడుస్తున్న ప్రతి కోర్టులో దాఖలు చేయించండి. అరెస్టు భయముంటే రక్షణ ఉత్తర్వుకు విడిగా దరఖాస్తు పెట్టాలి, అది దానంతటదే రాదు.

తనఖా పెట్టిన ఇంటిని బ్యాంకు వేలం వేస్తుంటే మాత్రం ఐపీ అడ్డుపడదు. చెక్కు బౌన్స్ కేసుకూ అంతే, వాయిదాకు వెళ్ళాల్సిందే.

సమస్య: బావమరిది పేర రాసిన పొలాన్ని రిసీవర్ అడుగుతున్నాడు

అడుగుతాడు మరి. ఐపీకి ముందు రెండేళ్ళలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయగలదు. చివరి మూడు నెలల్లో ఒక అప్పులవాడికే మేలు చేయాలని కట్టిన డబ్బూ వెనక్కి రావచ్చు. పొలం సంగతి పిటిషన్‌లోనే చెప్పేయండి, దాస్తే జైలు దాకా వెళ్తుంది. వంటగిన్నెలు, పరుపులు, మెళ్ళో మంగళసూత్రం, కమ్మరి పనిముట్లు, రైతు దుక్కిటెద్దులు, విత్తనాలు జప్తులోకి రావు. వాటికోసం కంగారు పడనక్కర్లేదు.

సమస్య: కొన్నేళ్ళకు పాత అప్పులన్నీ మళ్ళీ లేచాయి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. దివాలా ప్రకటించేటప్పుడే ‘ఇంత గడువులోగా డిశ్చార్జ్‌కు, అంటే అప్పుల నుంచి విడుదలకు, దరఖాస్తు చేసుకో’ అని కోర్టు రాస్తుంది. ఆ వాక్యం ఎవరూ చదవరు. గడువు దాటితే ప్రకటనే రద్దవుతుంది, కథ మొదటికొస్తుంది. ఉత్తర్వు చేతికి రాగానే ఆ తేదీ చూసుకోండి. సరైన కారణం చూపితే గడువు పొడిగిస్తారు.

డిశ్చార్జ్ కూడా అడగ్గానే ఇవ్వరు. ఆస్తి మొత్తం అమ్మినా రూపాయికి అర్ధరూపాయి రాకపోతే, అది మీ చేతిలో లేని కారణాల వల్లేనని మీరే ఒప్పించాలి. పంట పోయిన కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, వ్యాపారముంటే గత మూడేళ్ళ ఖాతా పుస్తకాలు పనికొచ్చేది అప్పుడే. జూదం, దుబారా బయటపడితే పూర్తి డిశ్చార్జ్ ఆశ వదులుకోవచ్చు.

సమస్య: డిశ్చార్జ్ వచ్చింది, జామీను ఉన్న బావగారికి నోటీసు వెళ్ళింది

డిశ్చార్జ్ విడిపించేది మిమ్మల్నే, పూచీదారుణ్ణి కాదు. ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పు, భార్యాపిల్లల మనోవర్తి మీ మీదా అలాగే ఉంటాయి. పిటిషన్ వేయకముందే బావగారికి విషయం చెప్పండి. తపాలా మనిషి చెప్పేదాకా ఆగితే చుట్టరికమూ పోతుంది.