కారు బ్రేక్ డిస్క్ ఎన్నాళ్లు వస్తుంది? కొలవడం, మార్చడం ఎలా?

డిస్క్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడిగితే షెడ్డుకో లెక్క చెబుతారు. ఒకరు నలభై వేలంటారు, ఇంకొకరు లక్ష దాటినా ఢోకా లేదంటారు. ఇద్దరూ చూసిందే చెబుతూ ఉండొచ్చు. మామూలు వాడకంలో ముందు డిస్కులు 60,000 నుంచి 1,00,000 కి.మీ. దాకా రావడం కద్దు. అంటే డిస్క్‌ను రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్‌లు రెండు సెట్లు అరిగేలోగా ఒక జత డిస్కులు. కానీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ నలిగే ఆటోమేటిక్ కారుకీ, హైవే మీదే తిరిగే మాన్యువల్ కారుకీ పోలికే లేదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి ఇంజిన్ మీద దిగేవాళ్ల డిస్కులకూ, న్యూట్రల్‌లో వేసి కొండ కింద దాకా బ్రేకు నొక్కిపట్టేవాళ్ల డిస్కులకూ ఆయుష్షు ఒకటి కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో, నెలకోసారి బయటికి తీసే కారైతే, అరిగేలోపే తుప్పు తినేస్తుంది. వెనక కూడా డిస్కులున్న కార్లలో ముందుగా తుప్పుకు పోయేవి అవే, ఎందుకంటే ఆపే పనిలో పెద్ద భాగం ముందువే చేస్తాయి.

కాబట్టి ఓడోమీటర్ చూసి డిస్క్ మార్చొద్దు. మందం చూసి మార్చాలి.

కొలవడం

ప్రతి డిస్క్ మీదా, మధ్యలో టోపీలా ఉన్న భాగం మీదో బయటి అంచు మీదో, కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. "మిన్ టీహెచ్ 20 ఎంఎం" అన్నట్టు. తుప్పు కింద దాక్కుంటే వైర్ బ్రష్‌తో రెండు సార్లు గీకండి, కనపడుతుంది. గాలి గదులున్న ముందు డిస్క్ కొత్తది 22 మి.మీ. ఉంటే, కనీసం 20 అని రాసి ఉండటం మామూలే. అంటే మొత్తం మీద అరగడానికి ఉన్నది 2 మి.మీ., ఒక్కో వైపు ఒక్క మి.మీ. మాత్రమే. కంటితో చూసి "ఇంకా బోలెడుంది" అనే మాటకు విలువ లేనిది ఇందుకే.

వెర్నియర్ పెట్టి కొలవడం ఎక్కువ చోట్ల జరిగే తప్పు. ప్యాడ్ తగలని బయటి అంచు అరగకుండా గట్టులా నిలబడిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుని, లోపల 19.5 ఉన్న డిస్క్‌ను 21 అని చూపిస్తాయి. మొనల మధ్య పట్టి కొలిచే మైక్రోమీటర్ వాడండి. అంచు నుంచి 10–15 మి.మీ. లోపలికి, చుట్టూ సమాన దూరంలో ఎనిమిది చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఎనిమిదింటి మధ్య తేడా 0.02 మి.మీ. దాటిందంటే, పెడల్ కింద కాలికి అదురు తెలుస్తూ ఉండాలి.

కనీస మందం కంటే ఎక్కువుంది కదా అని వదిలేయడం రెండో తప్పు. చూడాల్సింది ఇప్పుడు వేయబోయే కొత్త ప్యాడ్‌లు అయిపోయేదాకా డిస్క్ నిలుస్తుందా అన్నది. 22 మి.మీ. డిస్క్ 45,000 కి.మీ. తిరిగి 20.9కి వచ్చిందనుకోండి. 45,000కి 1.1 అరిగింది, మిగిలింది 0.9. అదే లెక్కన ఇంకో 37,000 కి.మీ. లోపే కనీస మందానికి వస్తుంది, అప్పటికి ప్యాడ్‌లు ఇంకా మిగిలే ఉంటాయి. అలాంటప్పుడు ప్యాడ్‌లతో పాటే డిస్కులూ మార్చేయాలి. సగం వాడిన ప్యాడ్‌లను తర్వాత కొత్త డిస్క్ మీదకు ఎక్కించడం దండగ.

మందం సరిపోయినా తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అంచు దాకా పాకిన పగులు ఉంటే ఆ డిస్క్‌ను అక్కడే పక్కన పెట్టండి. ఉపరితలం మీద వెంట్రుక మందాన ఉండే సన్నటి గీతలు వేడి వల్ల వచ్చేవి, వాటికి భయం లేదు. నీలంగా మాడిన మచ్చలుంటే అక్కడ ఇనుము గట్టిపడిపోయింది, చుట్టూ అరిగి అది మిగిలిపోతుంది. వాన రాత్రి నిలిపిన కారు డిస్క్ పొద్దున ఎర్రగా ఉండటం మాత్రం ఏ జబ్బూ కాదు, నాలుగు బ్రేకులకు పోతుంది.

లేత్ మీద స్కిమ్మింగ్ కొట్టిస్తే సరిపోదా అనేవాళ్లుంటారు. చిన్న కార్లకు ఆ మాటే వద్దు. 2 మి.మీ. ఆయుష్షు ఉన్న వస్తువులోంచి అర మి.మీ. చెక్కించి, తీయడానికి ఒకసారి, పెట్టడానికి ఒకసారి కూలీ ఇచ్చి, చివరికి మళ్లీ ఏడాదిలో కొత్తవి కొంటారు. పైగా డిస్క్‌ను విప్పి బయట లేత్ మీద పెట్టినప్పుడు అది లేత్ బిగింపుకు సూటిగా తిరుగుతుంది, మీ కారులో డిస్క్, చక్రం కూర్చునే హబ్‌కు కాదు. కారు మీదే ఉంచి చెక్కే మిషన్ ఉంటే, మందం ఉంటే, అది వేరే సంగతి.

విప్పడం

సామాన్లు: జాకీ, స్టాండ్‌లు, పానాల సెట్టు, టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో చూపే పానా), వైర్ బ్రష్, 120 నంబరు ఎమరీ పేపర్, బ్రేక్ క్లీనర్, సిలికాన్ గ్రీజు, డయల్ గేజ్ (డిస్క్ ఎంత ఊగుతుందో కొలిచేది). కారు స్టాండ్ మీద ఉండాలి, ఒట్టి జాకీ మీద చేయి పెట్టొద్దు. బ్రేకు దుమ్ము గాలి కొట్టి ఊదొద్దు, క్లీనర్‌తో తడిపి తుడవండి.

చక్రం తీసి, ప్యాడ్‌లను డిస్క్‌కు నొక్కే క్యాలిపర్ వెనక బోల్టులు విప్పి, క్యాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి. బ్రేక్ ఆయిల్ వచ్చే హోస్ మీద బరువు పడకూడదు. తర్వాత క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్ విప్పాలి. డిస్క్‌ను పట్టి ఉంచే చిన్న స్టార్ స్క్రూ మొరాయిస్తే మామూలు స్క్రూడ్రైవర్‌తో తల అరగదీయకుండా ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టండి. డిస్క్ ఊడకపోతే మధ్య భాగంలో మరలు తీసిన రంధ్రాలు రెండు ఉన్నాయేమో చూడండి. చాలా కార్లలో ఎం8 బోల్టులు పడతాయి, రెండూ సమంగా బిగిస్తూ పోతే డిస్క్ దానంతటదే బయటికి వస్తుంది. సుత్తితో బాదితే బేరింగ్ పోతుంది. డిస్కులు ఎప్పుడూ జతగా, ఎడమా కుడీ రెండూ మార్చాలి.

హబ్ ముఖం: అందరూ ఎగ్గొట్టేది ఇదే

పాత డిస్క్ ఊడింది, కొత్తది చేతిలో ఉంది, ఎక్కించేస్తే పని అయిపోతుంది కదా. తొందరపడి ఇక్కడే కొత్త డిస్క్‌ను పాడుచేస్తారు.

డిస్క్ కూర్చునే హబ్ ముఖం మీద సన్నటి తుప్పు పొర ఉంటుంది. వీల్ నట్లు ఎక్కే స్టడ్‌ల మొదళ్ల చుట్టూ అది పొలుసులు పొలుసులుగా లేచి ఉంటుంది. ఆ పొలుసు మందం 0.05 మి.మీ. ఉందనుకుందాం, అంటే కాగితం మందంలో సగం. హబ్ వ్యాసం 140 మి.మీ., ప్యాడ్ తగిలే చోట డిస్క్ వ్యాసం 250 మి.మీ. అయితే, ఒక పక్క ఆ పొలుసు ఇరుక్కున్నప్పుడు డిస్క్ వంపు ప్యాడ్ దగ్గర 0.09 మి.మీ. అవుతుంది. చాలా కంపెనీలు ఒప్పుకునే హద్దు 0.05 నుంచి 0.10 మధ్య ఉంటుంది. అంటే ఒక్క పొలుసే మొత్తం తినేసింది.

మొదటి రోజు ఏమీ తెలియదు. బ్రేకు నున్నగా పడుతుంది, మెకానిక్‌కు డబ్బులిచ్చి వచ్చేస్తారు. కానీ బ్రేకు నొక్కనప్పుడు కూడా, చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ ఎత్తైన చోటు ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. అక్కడ కొంచెం కొంచెం అరిగి, కొన్ని వేల కిలోమీటర్లకు డిస్క్ ఒక చోట పలచబడుతుంది. అప్పుడు మొదలవుతుంది 80 మీద బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకడం. "డిస్క్ బెండ్ అయింది, డూప్లికేట్ సరుకు" అని షాపువాడిని తిడతారు. డిస్క్ బెండ్ కాలేదు. దాన్ని వంకరగా కూర్చోబెట్టారు.

అందుకని, ముందుగా హబ్‌ను పట్టుకుని బేరింగ్ మీద ఊపి చూడండి. ఆట ఉంటే ఇక్కడితో ఆపి బేరింగ్ సంగతి చూడాలి. లేకపోతే వైర్ బ్రష్‌తో హబ్ ముఖమంతా గీకి, స్టడ్‌ల మొదళ్ల చుట్టూ ఎమరీ పేపర్‌ను గొట్టంలా చుట్టి తిప్పండి. మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి మెడనూ వదలొద్దు, డిస్క్ అక్కడే పట్టేస్తుంది. లోహం మెరవాలి కానీ లోహం పోకూడదు. గ్రైండర్‌కు ఇసుక బిళ్ల పెట్టి కొట్టేవాళ్లున్నారు, అలా చేస్తే హబ్‌లోనే పల్లం పడుతుంది. చివర్లో వేలి గోరు అడ్డంగా లాగి చూడండి, ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా ఉన్నట్టు. హబ్ మీద గ్రీజు రాయొద్దు. గట్టి గ్రీజు ముద్ద కూడా పొలుసు చేసే పనే చేస్తుంది, పైగా వేడికి కరిగి ప్యాడ్ మీద చిమ్ముతుంది.

కొత్త డిస్క్‌కు ఉన్న నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఎక్కించి, చక్రం లేకుండానే నట్లన్నీ వాషర్లు వేసి ఎదురెదురుగా బిగించండి. స్క్రూ ఒక్కదాని మీద కొలిస్తే లెక్క తప్పు. డయల్ గేజ్ మాగ్నెట్‌ను హబ్‌ను మోసే, తిరగని నకిల్‌కు అంటించి, ముల్లును అంచుకు 10 మి.మీ. లోపల ఆనించి, డిస్క్‌ను నిదానంగా రెండు చుట్లు తిప్పండి. 0.05 లోపు ఉంటేనే ముందుకు వెళ్లండి. మాన్యువల్ 0.10 దాకా ఒప్పుకున్నా 0.05 దగ్గరే ఆగాలి. ఎక్కువొస్తే డిస్క్ తీసి, ఒక రంధ్రం జరిపి మళ్లీ పెట్టి కొలవండి. పట్టి ఉంచే స్క్రూ లేని కార్లలో నాలుగు స్టడ్‌లుంటే నాలుగు అవకాశాలు, ఏదో ఒకటి కలిసొస్తుంది. ఏదీ కుదరకపోతే డిస్క్ తీసి గేజ్‌ను హబ్ ముఖం మీదే పెట్టండి. అక్కడే ఊగుతుంటే తప్పు హబ్‌ది.

గేజ్ లేని షెడ్డులో డిస్కులు మార్పించుకోవద్దు.

బిగించడం, కొత్త బ్రేకులను సర్దుబాటు చేయడం

బ్రేక్ ఆయిల్ మూత తీసి, మట్టం గమనిస్తూ క్యాలిపర్‌లోని పిస్టన్‌ను నెమ్మదిగా లోపలికి నెట్టండి. హ్యాండ్‌బ్రేక్ క్యాలిపర్‌లోనే ఉన్న వెనక చక్రాలకు నెట్టకూడదు, టూల్‌తో తిప్పుతూ దించాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. క్యాలిపర్ జారే పిన్నులకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తుంది. ప్యాడ్‌లు కొత్తవే వేయండి. పాత ప్యాడ్ పాత డిస్క్ గాట్లకు తగ్గట్టు అరిగి ఉంటుంది.

బోల్టుల టార్క్ మీ కారు మాన్యువల్ ప్రకారం బిగించండి. వీల్ నట్లను ఎయిర్ గన్‌తో ఒక్కసారిగా కొట్టించొద్దు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే, కష్టపడి 0.05లోకి తెచ్చిన డిస్క్ మళ్లీ వంకర తిరుగుతుంది. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టండి, లేకపోతే మొదటి బ్రేకుకే పెడల్ నేలకు తగులుతుంది.

తర్వాత కొత్త ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకునేలా, ఖాళీ రోడ్డు మీద వేగం 60 నుంచి 20కి మధ్యస్తంగా తగ్గిస్తూ పది పన్నెండు బ్రేకులు వేయండి, ఒక్కోదానికీ మధ్య అర నిమిషం గాలి తగలనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ నొక్కిపట్టి పూర్తిగా ఆగి నిలబడొద్దు, ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడుతుంది. మొదటి 300 కి.మీ. అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వద్దు, ఘాట్ రోడ్లు అసలే వద్దు. 50 కి.మీ. తిరిగాక వీల్ నట్లను మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి.