ఫంక్షన్ కళ్లెదుటే ఉన్నా పైథాన్ లేదంటోంది: సమస్య - పరిష్కారం

లక్షణం: పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామ్ సగంలో నేమ్ ఎర్రర్ (ఆ పేరే తెలియదు) గాని, ఆట్రిబ్యూట్ ఎర్రర్ (ఆ ఆబ్జెక్టులో ఆ పేరు లేదు) గాని ఇచ్చి ఆగిపోతుంది.

కారణం చాలామటుకు పేరు తప్పు కొట్టడమే. అమీర్‌పేట ల్యాబుల్లోనూ, మాదాపూర్ ఆఫీసుల్లోనూ ఎర్రర్ కనబడగానే దాన్ని కాపీ చేసి ఎక్కడెక్కడో వెతుకుతారు గాని, చివరి వరుసను నిదానంగా చదివేవారు తక్కువ. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచి, దగ్గరి పేరు ఏదైనా ఉంటే ఆ వరుసలోనే సూచన కనిపిస్తుంది. తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే జట్లకు ఇది మరీ అవసరం. 'మొత్తం' అనే పేరులో ఒకరు రెండు 'టీ'లు కొడితే మరొకరు వాటి పక్కన 'హెచ్' చేరుస్తారు.

పరిష్కారం: చివరి వరుస చదివి పేరు దిద్దుకోవాలి. కోడ్‌లోని ఒక వరుస నడిచేటప్పుడే పైథాన్ అందులోని పేరును వెతుకుతుంది కాబట్టి, అరుదుగా నడిచే ఎల్స్ భాగంలోని తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు. అందుకని, కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే పైలింట్‌ను ముందే నడపడం మేలు.

లక్షణం: ఎర్రర్‌లో చెప్పిన పేరు క్లాసులో (ఆబ్జెక్టులకు అచ్చులాంటిది) ఉంది, స్పెల్లింగ్ కూడా సరిగానే ఉంది, అయినా లేదంటోంది.

అసలు తిప్పలు ఇక్కడే. మెట్రో టికెట్ క్లాసు ఒకటి ఉందనుకుందాం. అందులో 'మొత్తం' అనే ప్రాపర్టీ (మామూలు విలువలా అడిగితే లోపల ఫంక్షన్ నడిపి జవాబిచ్చేది) మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఛార్జీ లెక్కకట్టి, రాయితీ తీసివేయడానికి సెల్ఫ్ (అంటే అదే ఆబ్జెక్టు) మీద మరో ఫంక్షన్‌ను పిలుస్తుంది; ఆ రాయితీ ఫంక్షన్ పేరులో ఒక అక్షరం జారిపోయింది. అదే క్లాసులో ఎవరో డండర్ గెట్‌ఆట్ర్ (__getattr__; అడిగిన పేరు మామూలుగా దొరకనప్పుడు పైథాన్ పిలిచే ఫంక్షన్) కూడా రాసి ఉంచారు. ప్రాపర్టీ లోపల ఆట్రిబ్యూట్ ఎర్రర్ పుట్టగానే పైథాన్ దాన్ని 'మొత్తం అనే పేరే దొరకలేదు' అన్నట్టు తీసుకుని, లోపలి ఎర్రర్‌ను పారేసి, 'మొత్తం' పేరుతో డండర్ గెట్‌ఆట్ర్‌ను పిలుస్తుంది. అది కూడా చేతులెత్తేస్తే మీకు కనిపించేది 'మొత్తం లేదు' అన్న మాటే. తప్పు చేసిన పేరు తెర మీదికి రానే రాదు. పైగా డండర్ గెట్‌ఆట్ర్ ఉన్న క్లాసుల విషయంలో పైలింట్, విలువల రకాలను సరిచూసే మైపై రెండూ లేని పేర్లను చూసీచూడనట్టు వదిలేస్తాయి.

పట్టుకునే దారి: డండర్ గెట్‌ఆట్ర్ మొదటి వరుసలో, వచ్చిన పేరును ప్రింట్ చేయండి. రెండు పేర్లు వరుసగా పడతాయి; మొదటిది దొంగ, రెండోది పాపం 'మొత్తం'. తప్పు పేరు సెల్ఫ్ మీద కాక ఏ స్ట్రింగ్ మీదో ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు ప్రాపర్టీ వెనకున్న అసలు ఫంక్షన్‌ను, అంటే దాని ఎఫ్‌గెట్‌ను క్లాసు నుంచి తీసుకుని, ఆబ్జెక్టును దానికిచ్చి నేరుగా పిలిస్తే అసలు ఎర్రర్ ఉన్నదున్నట్టు బయటపడుతుంది.

పరిష్కారం: డండర్ గెట్‌ఆట్ర్ తనకు తెలిసిన పేర్లకు మాత్రమే జవాబివ్వాలి, మిగతావాటికి నన్ (None, 'ఏమీ లేదు' అనే విలువ) తిరిగి ఇవ్వకుండా, క్లాసు పేరుతో సహా ఆట్రిబ్యూట్ ఎర్రర్ ఇవ్వాలి. ప్రాపర్టీ లోపల పుట్టే ఆట్రిబ్యూట్ ఎర్రర్‌ను అక్కడే పట్టుకుని, 'ఫ్రమ్' అనే పదంతో అసలు ఎర్రర్‌ను జతచేసి రన్‌టైమ్ ఎర్రర్‌గా మార్చితే అది ఇక మాయం కాదు. పేరు ఉందో లేదో చెప్పే హ్యాజ్‌ఆట్ర్‌తో కూడా ఇదే ప్రమాదం ఉంది: ప్రాపర్టీ లోపలి తప్పుకు అది నోరుమూసుకుని ఫాల్స్ అంటుంది.

తప్పు పేరు కొట్టిన వాడుకరికి మీరే సూచన ఇవ్వదలిస్తే పైథాన్‌తోపాటే వచ్చే డిఫ్‌లిబ్‌లోని గెట్ క్లోజ్ మ్యాచెస్ చాలు. మామూలుగా అది 0.6 పోలికకు (1 అంటే అచ్చంగా ఒకటే) తగ్గని పేర్లను గరిష్ఠంగా మూడింటిని ఇస్తుంది. వాటిని చూపించండి, అంతే. దగ్గరగా ఉంది కదా అని ఆ ఫంక్షన్‌ను మీరే నడిపేస్తే, చూడమన్న టికెట్ రద్దైపోవచ్చు.

మీ ఫైలుకే రాండమ్ అని పేరు పెట్టుకుని పైథాన్‌తో వచ్చే అదే పేరు మాడ్యూల్‌ను (కోడ్ ఫైలును) అడ్డుకోవడం, రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడం వంటివి కూడా ఇలాంటి ఎర్రర్‌లకు కారణం కావచ్చు. ఆ మాడ్యూల్ తాలూకు డండర్ ఫైల్‌ను (__file__, అది ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పేది) ప్రింట్ చేస్తే మొదటిది అక్కడికక్కడే తేలిపోతుంది. రెండోదానికి ఇంపోర్ట్‌ను ఫంక్షన్ లోపలికి జరిపితే చాలు.