కీర్తన పలకడం నేర్చుకుందాం – 3: సగంలో ఆగడం

పోయిన పాఠంలో ఒకే స్వరం మీద వచనమంతా చదవడం చేశాం. బోర్ కొట్టిందని కొందరికి అనిపించి ఉంటుంది. ఫరవాలేదు, ఈసారి దానికి తలా తోకా పెడదాం. అంతకంటే ముందు, మధ్యలో ఆగడం నేర్చుకోవాలి.

బైబిల్లో కీర్తనల గ్రంథం తెరిస్తే దాదాపు ప్రతి వచనం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మొదటి ముక్క ఒక మాట అంటుంది, రెండోది దాన్నే ఇంకోలా అంటుంది. 117వ కీర్తన చూడండి. మొత్తం 150లోనూ ఇదే చిన్నది, రెండే వచనాలు:

యావదన్యజనులారా, యెహోవాను స్తుతించుడి / సర్వజనములారా, ఆయనను కొనియాడుడి

నేను గీత పెట్టిన చోటే హీబ్రూ ప్రతుల్లో అక్షరం కింద తలకిందులైన ‘వై’ లాంటి చిన్న గుర్తు ఉంటుంది. పేరు ఎత్నఖ్తా. లాటిన్ ప్రార్థన పుస్తకాల్లో అదే చోట నక్షత్రం గుర్తు అచ్చువేస్తారు. భాషలు వేరు, గుడులు వేరు, ఊపిరి తీసుకునే చోటు మాత్రం ఒక్కటే. యూదులు ఈ కీర్తనను ‘హల్లేల్’లో భాగంగా పాడతారు. అంటే 113 నుంచి 118 వరకు ఆరు కీర్తనలు. పస్కా రాత్రి ఇంట్లో భోజనానికి ముందు రెండు, తర్వాత మిగతా నాలుగు.

ఇప్పుడు రాగం. కాథలిక్ మఠాల్లో వాడే ఎనిమిది కీర్తన రాగాల్లో ఎనిమిదోది తీసుకుందాం. శంకరాభరణం స్వరాలు తెలిస్తే చాలు. ఎత్తుగడ ప, ద, పై స. ‘యా’ ప మీద, ‘వ’ ద మీద, ‘ద’ స మీద. ఇక అక్కడినుంచి ‘న్యజనులారా, యెహోవాను స్తు’ దాకా స దిగొద్దు. ‘తిం’ దగ్గర రి తాకి, ‘చుడి’ని స మీదికి తెచ్చి ఆపండి.

నోరు మూసుకోండి. మనసులో ‘ఒకటి, రెండు’ అనుకోండి. నేను మొదట్లో ఈ ఖాళీ భరించలేక రెండో సగంలోకి దూకేసేవాణ్ణి. పక్కవాళ్లు ఇంకా ఆగే ఉంటే నా గొంతు ఒక్కటే గుడంతా వినపడేది. ఒకసారి అలా జరిగితే ఇక మర్చిపోరు.

రెండో సగానికి ఎత్తుగడ లేదు, నేరుగా స మీద మొదలు. ‘ఆయనను’ దాకా అదే స్వరం. తర్వాత ‘కొ’ ని మీద, ‘ని’ స మీద, ‘యా’ ద మీద, ‘డుడి’ ప మీద. దిగిపోయాం.

ఒక చిన్న విషయం. లాటిన్‌లో స్వరం మారేది ఒత్తి పలికే అక్షరం దగ్గర. తెలుగులో అలాంటి ఒత్తు లేదు కాబట్టి నేను గురువును, అంటే ఎక్కువసేపు పలికే అక్షరాన్ని, పట్టుకుంటాను: ‘తిం’, ‘యా’. లఘువు మీద మలుపు తిప్పితే మాట వంకరపోతుంది, ‘స్తుతించూడి’లా వినపడుతుంది. ఇది నా పద్ధతే, నియమం కాదు. మీ చెవికి నచ్చింది చేయండి.

మన సంఘాల్లో ఉత్తర ప్రత్యుత్తరంగా చదివే అలవాటున్నవాళ్లకు ఇది తేలిక. పాస్టర్ గారు ఒక వచనం, సంఘం ఒక వచనం అన్నట్టే మఠంలో గాయకులు రెండు వరుసలుగా నిలబడి వచనం మార్చి వచనం పాడతారు. మొదటి వచనానికే ఎత్తుగడ, తర్వాతి వచనాలన్నీ సూటిగా స మీదే మొదలవుతాయి.

హోంవర్కు: రెండో వచనం. ‘యెహోవా కృప మనయెడల హెచ్చుగానున్నది’ దగ్గర ఆగాలి, రి ‘నున్’ మీద పడుతుంది. రెండో సగంలో ‘నిరంతరము నిలుచును’ రాగానే చాలామంది దిగిపోతారు. దిగకండి, ఇంకా ‘యెహోవాను స్తుతించుడి’ ఉంది. దాన్ని కూడా స మీదే లాగి, ‘ను’ దగ్గర ని మొదలుపెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఖాళీ ఎంతసేపుందో విని చూడండి.

వచ్చేసారి 136వ కీర్తన. ‘ఆయన కృప నిరంతరముండును’ అని 26 సార్లు వస్తుంది.