పాత బండిలో కూలెంట్ హోస్ లీక్: ఎప్పుడు కారుతోందో చూస్తే కారణం తెలుస్తుంది

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్, అది పారే రబ్బరు గొట్టం హోస్. రేడియేటర్ పక్కన తడి కనబడగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని హోస్‌ను పట్టి ఉంచే క్లిప్పును ఇంకాస్త బిగిస్తారు. పాత బండికి దీనివల్ల మేలు కన్నా చెరుపే ఎక్కువ. గట్టిపడిన రబ్బరును క్లిప్పు కోసేస్తుంది, రేడియేటర్ నెక్ (హోస్ తొడిగే మూతి) ప్లాస్టిక్‌దైతే పగులుతుంది. బిగించే ముందు లీక్ ఎప్పుడు వస్తోందో గమనించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఆపేశాకా? సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ క్యాప్ తెరవొద్దు. లోపలి కూలెంట్ 100 డిగ్రీలు దాటినా ప్రెషర్ వల్లే మరగకుండా ఉంటుంది. క్యాప్ వదులైన క్షణంలో మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. పై హోస్ పట్టుకుంటే చల్లగా, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి.

అసలు చోటు పట్టుకోవడం

బొట్లు పడేచోట లీక్ ఉందనుకోవద్దు. కూలెంట్ హోస్ వెంబడి జారి ఎక్కడో కింద చుక్కవుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి కూడా చిమ్ముతుంది. ఎండిన కూలెంట్ తెల్లగానో, దాని సొంత రంగులోనో మరక వదులుతుంది. ఆ మరక పై అంచు ఎక్కడుందో చూడండి. అంతా తుడిచి ఆరనిచ్చి, చల్లని ఇంజిన్‌కి ప్రెషర్ టెస్టర్ (క్యాప్ స్థానంలో బిగించి గాలి కొట్టే పంపు) పెడితే ఇంకా నయం. క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే పంపు కొట్టాలి. చాలా బండ్లలో అది 0.9 నుంచి 1.1 బార్, మరీ పాతవాటిలో ఇంకా తక్కువ.

ఉదయం చుక్కలు, నడిపితే మాయం

రాత్రంతా ఆపిన బండి కింద తడి ఉండి, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతే జాయింట్ దగ్గరే లోపం. ఏళ్ల తరబడి క్లిప్పు కింద నలిగిన రబ్బరు మళ్లీ ఉబ్బదు. చల్లబడి అన్నీ ముడుచుకున్నప్పుడు ఆ సందులోంచి కారుతుంది. హోస్ బాగుంటే క్లిప్పును కొద్దిగా బిగిస్తే సరిపోవచ్చు. రబ్బరు మీద లోతైన గాడి పడి ఉంటే హోస్ మార్చండి. కొత్తదానికి స్ప్రింగ్ క్లిప్పు వేస్తే వేడికీ చలికీ తనే సర్దుకుంటుంది.

నెక్ కూడా చూడండి. అల్యూమినియం నెక్ మీద తెల్లటి తుప్పు పేరుకుంటే ఎంత కొత్త హోస్ వేసినా కారుతూనే ఉంటుంది. సన్నటి ఎమెరీ పేపర్‌తో నెక్ చుట్టూ రుద్ది నున్నగా చేయాలి. గుంటలు లోతుగా పడితే ఆ భాగమే మార్చాలి.

వేడెక్కాకే కారడం

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రెషర్ పెరిగితేనే తెరుచుకునే చీలిక అది, రేపో మాపో పూర్తిగా పగులుతుంది. చిక్కేమిటంటే పైనుంచి హోస్ కొత్తదానిలా మెరుస్తూ ఉండొచ్చు. లోహం, కూలెంట్, రబ్బరులోని కార్బన్ మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి రబ్బరును లోపలి నుంచి చీలుస్తాయి. ఈ చీలికలు ఎక్కువగా హోస్ చివరల దగ్గర, సుమారు 5 సెంటీమీటర్ల లోపు వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు చివరల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కండి, తర్వాత మధ్యభాగాన్ని నొక్కండి. చివర మరీ మెత్తగా ఉన్నా, లోపల పగుళ్లు వేలికి తగిలినా, మరో మాట లేకుండా మార్చాల్సిందే. ఆ వయసు హోస్‌లు మిగతావీ ఉంటే అన్నీ ఒకేసారి మార్చడం మంచిదని నా అభిప్రాయం. కూలెంట్ ఎలాగూ ఒకసారి దించుతాం కదా.

హోస్ ఉబ్బి జిగటగా ఉంటే ఆయిల్ తగులుతోందన్నమాట. ముందు ఆయిల్ లీక్ ఆపాలి, లేకపోతే కొత్త హోస్‌కీ అదే గతి.

హోస్ తప్పు కానప్పుడు

మార్చిన హోస్‌లు వరసగా పగులుతుంటే క్యాప్ ప్రెషర్ వదలడం లేదేమో చూడండి. క్యాప్ మార్చినా ఆగకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే హోస్ రాయిలా గట్టిపడితే, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయిందని అనుమానించాలి. ఇంజిన్ చల్లారాక హోస్ చదునుగా అణిగిపోతే క్యాప్‌లోని వ్యాక్యూమ్ వాల్వ్ పట్టేసినట్టు. వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం నుంచి చుక్కలు పడితే పంప్ సీల్ పోయింది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, అద్దం మసకబారి, తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (బండి లోపల వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) లీకవుతోంది.

మార్చే పద్ధతి

పాత హోస్ అతుక్కుపోతే లాగొద్దు, నెక్ విరుగుతుంది. నెక్ మీద గీత పడకుండా బ్లేడుతో నిలువుగా కోసి విప్పేయండి. కొత్తది ఎక్కించడానికి కాస్త కూలెంట్ రాస్తే చాలు, గ్రీజు, ఆయిల్ వద్దు. క్లిప్పు నెక్ చివరి ఉబ్బెత్తు అంచు దాటి లోపలికి కూర్చోవాలి, ఆ అంచు మీద కాదు. బండికి చెప్పిన రకం కూలెంటే పోయండి. హీటర్ పూర్తి వేడిలో పెట్టి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుని కింది హోస్ కూడా వేడెక్కేదాకా ఇంజిన్ నడపండి. ఈలోగా ఎయిర్ అంతా బయటికి పోవాలి, టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచాలి. చల్లారాక లెవెల్ చూసి నింపండి.

దారి మధ్యలో పగిలితే సెల్ఫ్ ఫ్యూజింగ్ సిలికాన్ టేప్‌ను తుడిచి ఆరబెట్టిన హోస్‌కి సాగదీసి చుడితే నెమ్మదిగా దగ్గరి వర్క్‌షాప్ చేరొచ్చు. స్టాప్ లీక్ (లీకులు మూయడానికి కూలెంట్‌లో కలిపే మందు) పోయకండి. పగిలిన హోస్‌కి అది పనిచేయదు, హీటర్ కోర్‌లో సన్న గొట్టాలు మాత్రం మూసుకుపోతాయి.

దించిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు తాగుతాయి, కొంచెమైనా వాటికి ప్రాణాంతకమే.